ఇంటి నుంచి న్యూరోరేడియాలజీ: తరచుగా అడిగే ప్రశ్నలు

మెదడు, వెన్నుపాము స్కాన్లు చదివే పని చాలా ఏళ్ళు ఆస్పత్రిలో చేశాను. ఇప్పుడు అదే ఆస్పత్రికి ఇంట్లో ఒక గదిలో కూర్చుని చేస్తున్నాను. రేడియాలజీ చదువుతున్నవాళ్ళు, తోటి డాక్టర్లు, అప్పుడప్పుడూ రోగుల బంధువులు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్నిటికి రెండు ముక్కలు చాలు.

న్యూరోరేడియాలజిస్టూ న్యూరాలజిస్టూ ఒకరేనా?

కాదు. న్యూరాలజిస్ట్ రోగిని పరీక్షించి మందులిస్తారు, న్యూరోసర్జన్ ఆపరేషన్ చేస్తారు. స్కాన్ చూసి లోపల ఏముందో ఆ ఇద్దరికీ చెప్పేది న్యూరోరేడియాలజిస్ట్. డాక్టరు చదువు, ఆ తర్వాత రేడియాలజీ, ఆపైన తల, మెడ, వెన్నెముక స్కాన్లలో ప్రత్యేక శిక్షణ. ఇంతా అయ్యాక కూడా ఇంట్లో చుట్టాలు "ఆ స్కాన్ తీసే ఆయనేగా" అంటారు. స్కాన్ తీసేది టెక్నీషియన్, చదివేది మేము.

రోగిని చూడకుండా రోగం ఎలా చెబుతారు?

ఆస్పత్రిలో ఉన్నప్పుడూ చాలామంది రోగుల్ని చూసేవాళ్ళం కాదు. చీకటి గదిలో మానిటర్ ముందు కూర్చునేవాళ్ళం, బొమ్మలు తెర మీదికి వచ్చేవి. ఇప్పుడూ అవే బొమ్మలు వస్తాయి, నాణ్యతలో ఏ తేడా ఉండదు. ఏ కంపెనీ మిషన్ తీసిన బొమ్మనైనా ఏ కంప్యూటరైనా తెరవగలిగేలా డైకామ్ అనే ప్రమాణం 1993 నుంచి ఉంది. బొమ్మల్ని దాచి, పంపి, చూపించే వ్యవస్థని పాక్స్ అంటారు. నేను అరగజం దూరంలో ఉన్నా, వెయ్యి మైళ్ళ దూరంలో ఉన్నా పాక్స్‌కి ఒకటే.

మరి పోయేదేమిటి? తలుపు తోసుకొచ్చే మనుషులు. "ఒక్క నిమిషం ఇది చూస్తారా" అంటూ న్యూరాలజీ రెసిడెంట్ (శిక్షణలో ఉన్న డాక్టర్) వచ్చి పక్కన నిలబడితే, రిక్వెస్ట్ ఫారంలో లేని విషయాలు పది తెలిసేవి. చెయ్యి ఎప్పటినుంచి పడిపోయింది, రోగి క్యాన్సర్ మందులు వాడుతున్నారా, ఆయన భార్య ఏం చెప్పింది. ఇంటికి మారాక అవి వాటంతటవి రావు, నేనే అడిగి తెచ్చుకోవాలి. ఇంటి నుంచి పని అంటే కంప్యూటర్ గురించే ఆలోచిస్తారు గానీ, నా అనుభవంలో ఈ పనికి అసలు పనిముట్టు ఫోను.

రిపోర్ట్‌లో రాసేస్తే చాలదా? ఫోన్ ఎందుకు?

కొన్ని రిపోర్టులు ఎవరో ఒకరు తెరిచి చదివేదాకా ఆగలేవు. మెదడులో రక్తస్రావం, వాపుతో మెదడు పక్కకి ఒరిగిపోవడం, మెదడు వెనక భాగానికి రక్తమిచ్చే బేసిలార్ ధమని మూసుకుపోవడం, సిరల్లో రక్తం గడ్డ, వెన్నుపాము నొక్కుకుపోవడం, వెన్నెముక లోపల చీము. వీటిలో ఏది కనిపించినా ముందు ఫోను, తర్వాత రిపోర్టు. ఎవరితో మాట్లాడానో, ఎన్ని గంటలకో రిపోర్టులోనే రాస్తాను. చెప్పింది వాళ్ళ నోట మళ్ళీ ఒకసారి చెప్పించుకుంటాను. మొదట్లో ఇది మొహమాటంగా ఉండేది. ఒక రాత్రి నేను "కుడి" అన్నది అవతల "ఎడమ"గా వినిపించిందని తెలిశాక మొహమాటం పోయింది.

ఫోన్ అటునుంచి కూడా రావాలి. నా నంబర్ ఎమర్జెన్సీ గదిలో, స్కాన్ గదిలో, న్యూరాలజీ వార్డులో గోడ మీద అంటించి ఉండాలని మొదటి రోజే అడిగాను. ఇంటి నుంచి పనిచేసే డాక్టర్ని ఫోన్‌లో పట్టుకోవడం కష్టం అన్న పేరు ఒక్కసారి పడిందా, వాళ్ళు అడగడం మానేస్తారు. అడగకపోతే నాకు తెలియాల్సిన సంగతి నాకు చేరదు. దెబ్బ తినేది రోగి.

స్ట్రోక్ కేసు వస్తే ఏం జరుగుతుంది?

ఇదే ఈ పనిలో అన్నిటికంటే వేగంగా నడిచేది. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే, చికిత్స లేని ప్రతి నిమిషానికీ సగటున 19 లక్షల న్యూరాన్లు చనిపోతాయని లెక్క. అందుకని వర్క్‌లిస్ట్‌లో (చదవాల్సిన స్కాన్ల వరుసలో) స్ట్రోక్ స్కాన్ పడగానే చేతిలో ఉన్న కేసు ఎంత పెద్దదైనా పక్కన పెడతాం.

మొదట కాంట్రాస్ట్ (నాళాలు తెల్లగా కనిపించేలా సిరలోకి ఎక్కించే మందు) లేని తల సీటీ. దాన్ని అడిగే మొదటి ప్రశ్న "రక్తస్రావం ఉందా, లేదా?" ఉంటే గడ్డ కరిగించే మందు ఇవ్వకూడదు. లేకపోతే, లక్షణాలు మొదలై నాలుగున్నర గంటల లోపు మామూలుగా ఆ మందు గురించి ఆలోచిస్తారు. రెండో ప్రశ్న, ఇప్పటికే ఎంత మెదడు దెబ్బతింది. దీనికి ఆస్పెక్ట్స్ అని పది మార్కుల కొలత ఉంది. మిడిల్ సెరిబ్రల్ ధమని రక్తం అందించే భాగాన్ని పది ముక్కలుగా చూసి, దెబ్బతిన్న ప్రతి ముక్కకీ ఒక మార్కు తీసేస్తాం. చెప్పినంత తేలిక కాదిది. గ్రే మ్యాటర్‌కీ వైట్ మ్యాటర్‌కీ సీటీలో తేడానే సుమారు పది హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో నలుపు తెలుపుల కొలత), స్ట్రోక్ మొదటి గంటల్లో ఆ కాస్త తేడా కూడా చెరిగిపోతూ ఉంటుంది. మామూలుగా 80 వెడల్పు, 40 మధ్యస్థానంతో చూసే విండోని (తెర మీద బూడిద రంగులుగా చూపే యూనిట్ల పరిధిని) 40 వెడల్పుకి కుదిస్తే మెదడు లోతులో ఉండే లెంటిఫార్మ్ న్యూక్లియస్ అంచు మాయమవడం కంటికి దొరుకుతుంది.

మూడోది సీటీ యాంజియో, అంటే కాంట్రాస్ట్ ఎక్కించి రక్తనాళాల్ని చూసే సీటీ. ఏ నాళం, ఎక్కడ మూసుకుంది. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో నాళంలోంచి గొట్టం పంపి గడ్డని బయటకి లాగే థ్రాంబెక్టమీ 2015లో వచ్చిన వరుస ట్రయల్స్‌తో స్థిరపడింది. 2018లో వచ్చిన డాన్ ట్రయల్ తర్వాత, తగిన రోగుల్లో 24 గంటల దాకా వెళ్ళొచ్చని తేలింది. ఆస్పెక్ట్స్ ఆరు కంటే తక్కువుంటే ఒకప్పుడు లాభం లేదనేవాళ్ళు. 2022, 2023లలో వచ్చిన ట్రయల్స్ ఆ గీతని కిందికి జరిపాయి. ఇవన్నీ మనసులో పెట్టుకుని, రోగి ఇంకా స్కాన్ బల్ల మీద ఉండగానే నేను ఫోన్‌లో చెప్పేది రెండు వాక్యాలు: "రక్తస్రావం లేదు, ఆస్పెక్ట్స్ ఎనిమిది. ఎడమ ఎమ్-వన్ మూసుకుంది." ఎమ్-వన్ అంటే మిడిల్ సెరిబ్రల్ ధమని మొదటి భాగం. పూర్తి రిపోర్టు తీరిగ్గా వెనకాల వస్తుంది.

ఏ పనులు ఇంటి నుంచి కుదరవు?

చెయ్యి పెట్టాల్సినవేవీ కుదరవు. థ్రాంబెక్టమీ, రక్తనాళం ఉబ్బిన చోటైన అన్యురిజమ్‌ని కాయిల్స్‌తో మూయడం, ఎక్స్‌రే చూస్తూ నడుము నుంచి నీరు తీయడం, మైలోగ్రామ్ (వెన్నుపాము చుట్టూ కాంట్రాస్ట్ ఎక్కించి తీసే స్కాన్), బయాప్సీ. కాంట్రాస్ట్ ఎక్కించాక రోగికి రియాక్షన్ వస్తే పరిగెత్తాల్సిన డాక్టరు అక్కడే ఉండాలి.

ఎమ్మారై భద్రత మీద ఒక మాట, అది పెద్ద అయస్కాంతం కాబట్టి. "రోగికి తలలో పాత క్లిప్ ఉందట, స్కాన్ చేయొచ్చా?" అని టెక్నీషియన్ ఫోన్ చేస్తారు. క్లిప్ మోడల్ రాసిన కాగితం ఎవరి చేతిలోనూ లేకపోతే నా జవాబు ఒకటే: ఆపండి, ఆపరేషన్ కాగితాలు తెప్పించండి. అవతలి గొంతులో ఎంత తొందర ఉన్నా సరే.

ఇంట్లో ఏమేం ఉండాలి?

మెడికల్ గ్రేడ్ మానిటర్లు రెండు, వర్క్‌లిస్ట్‌కీ రిపోర్ట్‌కీ మామూలు మానిటర్ ఇంకొకటి. మెడికల్ మానిటర్ అంటే రంగులు బాగుండటం కాదు. నలుపు నుంచి తెలుపు దాకా ప్రతి మెట్టూ కంటికి సమానంగా తెలిసేలా డైకామ్ ప్రమాణం ప్రకారం క్యాలిబ్రేట్ చేసి (సరిచేసి) ఉండాలి. వెలుతురు చదరపు మీటరుకి కనీసం 350 క్యాండెలాలు ఉండాలన్నది అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ పెట్టిన ప్రమాణం. మానిటర్లు కాలంతో పాటు మసకబారతాయి, అందుకే క్యాలిబ్రేషన్ అప్పుడప్పుడూ చేస్తూ ఉండాలి. ఆస్పత్రిలో ఆ పని చూసే మనిషి ఉంటారు. ఇంట్లో మర్చిపోతాం.

దానికన్నా ఎక్కువగా మర్చిపోయేది గది. కిటికీలోంచి పడే ఎండ మానిటర్ మీద మెరిస్తే, ఇందాక చెప్పిన పది యూనిట్ల తేడా ఎగిరిపోతుంది. మందపాటి కర్టెన్, మానిటర్ వెనక చిన్న మసక దీపం చాలు. మొత్తం చీకటి చేస్తే కళ్ళు త్వరగా అలసిపోతాయి. ఇంకా డిక్టేషన్ మైకు, ఎక్కువ బటన్లున్న మౌసు. లాప్‌టాప్ మీద చూసి ఫైనల్ రిపోర్ట్ ఇవ్వడం మాత్రం వద్దు.

ఇంటర్నెట్ ఎంత వేగం కావాలి?

లెక్క వేద్దాం. మామూలు సీటీ బొమ్మలో అడ్డంగా 512, నిలువుగా 512 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కకి రెండు బైట్లు, అంటే బొమ్మకి అర మెగాబైటు. తల, మెడ సీటీ యాంజియోలో వెయ్యి బొమ్మలు ఉండటం మామూలే, అంటే 500 మెగాబైట్లు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద, అన్నీ సవ్యంగా ఉంటే, 40 సెకన్లు. వీపీఎన్ (ఆస్పత్రి నెట్‌వర్క్‌కి సురక్షితమైన దారి) తినేది కలిపితే నిమిషం దాటుతుంది. 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో తొలి రోగికి తీసిన సీటీ కూడా తల స్కానే. అందులో బొమ్మకి 80 చుక్కల అడ్డం, 80 నిలువు. దానికైతే ఫోన్ లైన్ కూడా సరిపోయేది.

బొమ్మల్ని మొత్తం దించుకోకుండా, చూస్తున్న భాగాన్నే పంపే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా ఆస్పత్రుల్లో ఉన్నాయి. అక్కడ వేగం కన్నా ఆగకుండా రావడం ముఖ్యం.

నెట్ పోతే?

పోతుంది. నాకు సీటీ యాంజియో సగం స్క్రోల్ చేస్తుండగా పోయింది. అప్పటికి నా దగ్గర రెండో లైను లేదు. ఆస్పత్రికి ఫోన్ చేసి, డ్యూటీలో ఉన్న ఇంకో రేడియాలజిస్ట్‌కి కేసు అప్పజెప్పాను. మొత్తం నాలుగైదు నిమిషాలు, కానీ ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మర్నాడే వేరే కంపెనీ లైను ఒకటి, యూపీఎస్ ఒకటి పెట్టించాను, ఫోన్ హాట్‌స్పాట్‌ని పాక్స్‌తో ముందే పరీక్షించి ఉంచుకున్నాను. అన్నీ పోతే కేసు ఎవరికి వెళ్ళాలో కాగితం మీద రాసి ఉండాలి. ఆ పేరు కంప్యూటర్‌లోనే దాచుకుంటే కరెంటు పోయినప్పుడు ప్రయోజనం లేదు.

ఇంటి నుంచి చదివితే తప్పులు ఎక్కువ జరుగుతాయా?

స్థలాన్ని బట్టి కాదు, ఒంటరితనాన్ని బట్టి, తొందరని బట్టి జరుగుతాయి. రేడియాలజిస్టులు ఎంత చూసినా కొన్ని తప్పిపోతాయి. 2013లో ఒక ప్రయోగంలో ఊపిరితిత్తుల సీటీలో గొరిల్లా బొమ్మ అతికించి 24 మంది రేడియాలజిస్టులకి చూపిస్తే 20 మంది గమనించలేదు. వాళ్ళు గడ్డలు వెతుకుతున్నారు, గొరిల్లాని కాదు.

మా పనిలో గొరిల్లాలు దాక్కునే చోట్లు తెలిసినవే. మెడ యాంజియోలో కింది బొమ్మల్లో ఊపిరితిత్తుల పై కొన కనిపిస్తుంది, అక్కడ క్యాన్సర్ ఉండొచ్చు. నడుము ఎమ్మారైలో డిస్కు చూసి ఆగిపోతే ముందున్న అయోర్టా (శరీరంలో అతి పెద్ద ధమని) ఉబ్బు, పక్కనున్న కిడ్నీ గడ్డ తప్పిపోతాయి. తల సీటీలో సెల్లా (పిట్యూటరీ గ్రంథి ఉండే గుంట), పుర్రె అడుగు, సిరలు, కంటి గూడు. ఒకటి దొరకగానే వెతకడం ఆపేయడం మనిషి స్వభావం. అందుకే ప్రతి రకం స్కాన్‌కీ నాకో వరుస ఉంది, ఆ వరుస పూర్తయ్యేదాకా రిపోర్టు మీద సంతకం పెట్టను.

డిక్టేషన్ తప్పులు వేరే కథ. "రక్తస్రావం లేదు" అంటే సాఫ్ట్‌వేర్ "లేదు"ని మింగేస్తుంది. మనిషి టైపు చేసే రోజుల్లో టైపిస్టుకి అనుమానం వచ్చి అడిగేది. ఇప్పుడు ఆ రెండో జత కళ్ళు లేవు. ముగింపు పేరా మాత్రం పైకి చదువుకోండి. గదిలో ఒక్కరే ఉన్నారు కాబట్టి ఎవరూ నవ్వరు.

రిక్వెస్ట్‌లో "తలనొప్పి" అని ఒక్క మాటే ఉంటే?

రోగి పాత రికార్డు తెరవాలి, పాత స్కాన్లు తెప్పించుకోవాలి, అప్పటికీ తేలకపోతే టెక్నీషియన్‌కి ఫోన్ చేయాలి. రోగిని ఆరోజు కళ్ళతో చూసినవాళ్ళు టెక్నీషియన్లే. "తలనొప్పి" అని రాసిన ఒక కేసులో, ఆమె ప్రసవమై వారమే అయిందని నాకు చెప్పింది టెక్నీషియనే. అప్పుడు సిరల్లో గడ్డ కోసం మళ్ళీ చూశాను, ఉంది. ఫారం రాసినవాళ్ళని తిట్టుకోవడం తేలిక. ఆ ఫారం రాసేటప్పుడు వాళ్ళ చుట్టూ ఎంతమంది రోగులున్నారో మనకి తెలియదు.

ఏఐ వచ్చాక ఈ ఉద్యోగం ఉంటుందా?

2016లో ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ రేడియాలజిస్టులకి శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలన్నారు. వర్క్‌లిస్ట్ మాత్రం అప్పటికంటే పొడుగైంది. పెద్ద నాళం మూసుకుపోతే పసిగట్టి డాక్టర్ ఫోన్‌కి హెచ్చరిక పంపే సాఫ్ట్‌వేర్‌కి అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2018లో తొలిసారి అనుమతి ఇచ్చింది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి ఇలాంటివి నిజంగా పనికొస్తాయి, వరుసలో నలభయ్యోది కావాల్సిన స్కాన్‌ని పైకి తెస్తాయి. కానీ మెదడులో వయసుతో వచ్చే సున్నం మచ్చని రక్తమని అరవడమూ రోజూ చూస్తాను. సాఫ్ట్‌వేర్ ఏమీ లేదన్న స్కాన్‌ని తీరిగ్గా చదవొచ్చులే అనుకోవడమే అసలు ప్రమాదం.

లైసెన్స్ ఎక్కడిది కావాలి?

సాధారణ సూత్రం: రోగి ఎక్కడుంటే అక్కడి లైసెన్స్. మీరు కూర్చున్న చోటి లైసెన్స్ కూడా చాలా చోట్ల అడుగుతారు. ఆపైన ప్రతి ఆస్పత్రీ విడిగా మీ సర్టిఫికెట్లు పరిశీలించి అనుమతి ఇవ్వాలి, దానికి నెలలు పడుతుంది. మీ ఇన్సూరెన్స్ దూరం నుంచి చదవడాన్ని, దేశం దాటడాన్ని కవర్ చేస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. కొన్నిచోట్ల డబ్బు నియమాలే పని రూపాన్ని నిర్ణయిస్తాయి. అమెరికాలో ప్రధానంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ దేశం బయట చేసిన వైద్యసేవకి చెల్లించదు. అందుకే బయటి నుంచి చదివేవాళ్ళు రాత్రి ప్రిలిమినరీ (తాత్కాలిక) రిపోర్ట్ ఇస్తారు, ఫైనల్ రిపోర్ట్ మర్నాడు అక్కడివాళ్ళు ఇస్తారు.

జీతం ఎలా ఇస్తారు?

నెల జీతం, షిఫ్టు లెక్క, స్కాన్ లెక్క, ఈ మూడిట్లో ఏదో ఒకటి. స్కాన్ లెక్కలో జాగ్రత్త. మామూలు తల సీటీకీ, ఆపరేషన్ అయిన గ్లయోమా (మెదడు కణితి) ఎమ్మారైకీ ఒకే రేటు అంటే ఒప్పుకోకండి. రెండోదానికి ఐదు పాత స్కాన్లు పక్కన పెట్టి చూడాలి. ఫోన్లలో గడిచే సమయానికి లెక్క ఉందా అని కూడా అడగండి. చాలాసార్లు ఉండదు.

రాత్రి డ్యూటీ తప్పదా?

స్ట్రోక్‌కి రాత్రీ పగలూ లేదు కాబట్టి ఎవరో ఒకరు మేలుకోవాలి. ఒక దేశపు రాత్రి ఇంకో దేశపు పగలు కావడం మీదే ఈ రంగంలో సగం వ్యాపారం నడుస్తోంది. అలా కుదరనప్పుడు వరుసగా కొన్ని రాత్రులు చేసి, వరుసగా సెలవులు తీసుకోవడం నయం. ఒక రోజు రాత్రి, ఒక రోజు పగలు అన్న పద్ధతి మనిషిని పిప్పి చేస్తుంది.

రోగి వివరాలు బయటికి పోవా?

వీపీఎన్, రెండంచెల లాగిన్, స్క్రీన్ లాక్ అందరికీ తెలిసినవే. అందరికీ తెలియనిది ఇది: తల స్కాన్‌లో పేరు తీసేసినా ముఖం ఉంటుంది. 2019లో అచ్చైన ఒక పరిశోధనలో, పేర్లు తీసేసిన 84 మంది తల ఎమ్మారైల నుంచి ముఖాలు తయారుచేసి ఫోటోలతో పోల్చితే, 70 మందిని సాఫ్ట్‌వేర్ సరిగ్గా పట్టుకుంది. కాబట్టి "పేరు లేదు కదా" అని ఆసక్తికరమైన కేసుని వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళు ఒక్క క్షణం ఆగాలి.

శిక్షణ పూర్తవగానే ఇంటి నుంచి మొదలుపెట్టొచ్చా?

వద్దంటాను. మొదటి రెండు మూడేళ్ళు ఆస్పత్రిలో ఉండండి. మీరు "గ్లయోమా" అన్నది ఆపరేషన్ తర్వాత చీముగడ్డ అని తేలితే, సర్జన్ కారిడార్‌లో ఆపి చెబుతారు. ఆ పాఠం ఈమెయిల్‌లో రాదు. సర్జన్లతో, న్యూరాలజిస్టులతో ఆ పరిచయం ఏర్పడ్డాక ఇంటికి మారితే ఫోన్ ఎత్తగానే గొంతు గుర్తుపడతారు. నేను ఇప్పటికీ నెలకోసారి వెళ్ళి ఒక రోజు అక్కడే కూర్చుంటాను. ట్యూమర్ బోర్డుకి (కణితి కేసుల మీద డాక్టర్లంతా చర్చించే సమావేశానికి) మాత్రం వీడియోలోనే, ప్రతి వారం.

ఇంట్లో పిల్లలుంటే?

తలుపుకి గడియ ఉండాలి. డిక్టేషన్ సాఫ్ట్‌వేర్ పిల్లల మాటల్ని కూడా శ్రద్ధగా రాసుకుంటుంది.

రోజంతా కూర్చుంటే మీకు నడుము నొప్పి రాదా?

వస్తుంది. రోజుకి పాతిక నడుము ఎమ్మారైలు చదువుతూ, నడుము కింది భాగంలోని ఎల్4-ఎల్5 డిస్కు ఎందుకు అరుగుతుందో బాగా తెలిసి కూడా, రెండేళ్ళు డైనింగ్ కుర్చీలో కూర్చున్నాను. చివరికి నా స్కానే తీయించుకోవాల్సి వచ్చింది. నేనే చదువుకోకుండా తోటి డాక్టర్‌కి పంపాను. రిపోర్ట్ చివర ఆయన ఒక వాక్యం చేర్చారు: "మంచి కుర్చీ సూచించడమైనది." ఇప్పుడు ఎత్తు మారే బల్ల వాడుతున్నాను, స్ట్రోక్ ఫోన్లు నిలబడే మాట్లాడుతున్నాను.